బరువులు మోయు విమానములు

2021వ సంవత్సరము ఏప్రిల్ నెలలో కరోనా వ్యాధి రెండవమారు విజృంభించెను. ఆదిలాబాదు, కరీంనగరము, హైదరాబాదు అను భేదము లేక ఎల్లయెడల రోగులకు ప్రాణవాయువు అత్యవసరమయ్యెను. ఒడిశా రాష్ట్రములోని కర్మాగారములలో అది లభించును. కాని ట్యాంకర్లు సుమారు వేయి కిలోమీటర్లు రోడ్డుపై పోయి, నింపుకొని మరల రావలెను. రోగి ఊపిరి అన్ని దినములు వేచియుండునా?

ఏప్రిల్ 23వ తేదీన భారత వైమానిక దళమువారు బేగంపేట విమానాశ్రయమున ఖాళీ ట్యాంకర్లను తమ విమానములలోనికి ఎక్కించుకొని ఒడిశాకు చేర్చిరి. దినముల ప్రయాణము గంటలలో ముగిసెను.

అంతటి బండి విమానములో నెట్లు పట్టును? ఇట్టి పనికి వాడు సి-17 విమానము 53 మీటర్ల పొడవు గలది. దాని లోపలి భాగము పెద్ద గిడ్డంగివలె నుండును. తోక క్రింది తలుపు వంతెనవలె నేలకు వాలును. బండ్లు దానిమీదుగా తమ చక్రములపైననే లోనికి పోవును. పిమ్మట వానిని గొలుసులతో బిగింతురు. బరువు జరిగినచో విమానము తూకము తప్పును గదా! రెక్కలు పైభాగమున అమర్చుటచే దాని పొట్ట నేలకు దగ్గరగా నుండి, సరకు ఎక్కించుట సులభమగును. ఇది 77 టన్నుల వరకు మోయగలదు. అనగా 70 కిలోల వడ్ల బస్తాలు 1,100 అన్నమాట!

మరి నిండిన ట్యాంకర్లను ఏల విమానములో తేలేదు? ద్రవరూపమున నున్న ప్రాణవాయువు మిక్కిలి చల్లనిది. సున్నకు దిగువ 183 డిగ్రీల వద్దనే మరగును. ఎత్తునకు పోయినకొలది గాలి యొత్తిడి తగ్గుటచే అది మరింతగా ఆవిరియగును. వెలికి వచ్చిన ప్రాణవాయువు చిన్న నిప్పురవ్వను సైతము పెనుమంటగా చేయును. అందుచే నిండిన ట్యాంకర్లు రోడ్డుమీదను, తరువాత రైళ్లపైనను వచ్చినవి.

ఇట్టి సేవ క్రొత్తది కాదు. 1947 అక్టోబరు 27న డకోటా విమానములు మన సైనికులను శ్రీనగరమున దింపి, ఆ నగరమును కాపాడుటకు తోడ్పడినవి. నేడు సి-130జె అను మరియొక సైనిక రవాణా విమానమునకు తోకభాగములు హైదరాబాదు చెంతనున్న ఆదిభట్లలో తయారగుచున్నవి.

విమానయానము మిక్కిలి వ్యయముతో గూడినది. రోడ్డు, రైలు చేయు పనినంతటిని అది చేయజాలదు. కాని ప్రాణము నిలుచుటకు గంటలే గడువైనప్పుడు, ఆ గంటలను మిగిల్చి యిచ్చుటయే దాని ఘనత.