పళ్లేలే నడిచొస్తాయి... పులుసు సంగతి మాత్రం అడగండి!

బల్ల ముందు కూర్చుంటే చాలు. బెల్టు మీద చిన్నచిన్న పళ్లేలు వరసగా కదిలొస్తుంటాయి. నచ్చింది తీసుకోవడం, తినడం, ఖాళీ పళ్లెం పక్కన పేర్చడం! చివర్లో పళ్లేలు లెక్కపెట్టి బిల్లిస్తారు. చాలాచోట్ల పళ్లెం రంగును బట్టి ధర. టిప్పు మాటే లేదు. జపాన్‌లో 'కైతెన్ జుషి' హోటళ్ల తీరిది.

ఒసాకాలో సుషీ హోటల్ నడిపే యోషియాకి షిరాయిషికి, ఫ్యాక్టరీలో బెల్టు మీద సాగిపోతున్న బీరు సీసాలు చూస్తే ఈ ఆలోచన తట్టిందట. 1958లో మొదలుపెట్టాడు. 1970 ఒసాకా ప్రపంచ ప్రదర్శనతో పేరు మోగిపోయింది. అయితే 2023లో ఓ కుర్రాడు బల్లమీది సోయాసాస్ సీసా మూతి నాకుతున్న వీడియో బయటికొచ్చి పెద్ద రగడైంది. ఇప్పుడు చాలా హోటళ్లలో పళ్లేలు ఊరికే తిరగవు. టచ్ స్క్రీన్ మీద బొమ్మ నొక్కితే, అడిగిన పళ్లెం వచ్చి మన ముందే ఆగుతుంది. భాష రాకపోయినా ఫర్వాలేదన్నమాట.

కూతురి పురుడుకని టోక్యో వెళ్లిన మన అమ్మలకు అసలు చిక్కు వేరే ఉంది. చేప ముట్టనివాళ్లు ఏం తినాలి? కనిపించే చేపను వద్దనుకోవచ్చు. కనిపించని చేపతోనే పేచీ! జపాన్ వంటకు ప్రాణం 'దాషి' అనే రసం. పొగబెట్టి ఎండబెట్టిన కత్సువో చేపను చెక్కపేళ్లలా సన్నగా చెక్కి, కొంబు అనే సముద్రపు నాచుతో కలిపి వేడినీళ్లలో ఊరనిచ్చి వడకడతారు. మిసో సూపులో అదే. ఊదొన్ నూడుల్స్ పులుసులోనూ అదే. టోఫు సంచిలో అన్నం కూరిన ఇనారి చూడ్డానికి శుద్ధ శాకాహారమే. కానీ ఆ టోఫును చాలాచోట్ల దాషిలోనే ఉడికిస్తారు. ఇందులో మోసమేం లేదు లెండి. పోపులో ఇంగువ వేశామని మనం మాత్రం ప్రత్యేకంగా చెప్తామా?

అందుకే "సకానా నో దాషి హైత్తె ఇమాస్ కా?" అని అడగండి. చేప రసం కలిసిందా అని అర్థం. కీరా ముక్కలతో చుట్టే కప్పా మాకి, ఉప్పు చల్లిన ఎడమామె కాయలు కాస్త నయం. వెనిగర్, పంచదార, ఉప్పు కలిపిన ఆ అన్నం పులిహోర అలవాటున్న నాలుకకు కొత్తేం కాదు. పక్కనిచ్చే సాస్‌లోనూ దాషి ఉండొచ్చు, చూసుకోండి. పట్టింపు గట్టిగా ఉన్నవాళ్లు క్యోటో గుళ్ల దగ్గర దొరికే 'షోజిన్ ర్యోరి' భోజనానికి వెళ్లడం మంచిది. రసం కొంబుతో, ఎండు పుట్టగొడుగులతో కాస్తారు. ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు.

అన్నట్టు, సుషీని చేత్తోనే తినొచ్చు, మొహమాటం వద్దు. పుల్లలు వాడితే మాత్రం వాటిని అన్నంలో నిలువుగా గుచ్చకండి. చనిపోయినవారికి పెట్టే అన్నంలోనే అలా గుచ్చుతారు. బల్ల అంచున కుళాయి ఉంది కదా అని చేతులు కడగబోయేరు... గ్రీన్ టీ కోసం పెట్టిన సలసలకాగే నీళ్లవి!