‘బాగానే ఉన్నా’... అంటే ఎంత బాగా?

పెడనలో కలంకారీ అద్దకం చూసినవాళ్లకు తెలుసు, అది కూర్చుని చేసే పని కాదు. పొడవాటి బల్ల ముందు నిలబడాలి. టేకు అచ్చును రంగులో అద్ది, గుడ్డ మీద పెట్టి, చేత్తో గట్టిగా అదమాలి. మళ్లీ ఇంకో అచ్చు. అలా పొద్దుగూకేదాకా. రంగు గుడ్డల్ని కాలవనీళ్లలో జాడించేవాళ్ల కష్టమైతే ఇక చెప్పనే అక్కర్లేదు.

ఆ పని చేసే ఒకాయనకు హెచ్‌ఐవీ ఉందనుకుందాం. రోజూ మందు వేసుకుంటున్నాడు. పరీక్షలో వైరస్ అదుపులోనే ఉంది. ఆస్పత్రి లెక్కలో పాసైనట్టే! మరి బల్ల దగ్గర? సాయంత్రందాకా నిలబడే ఓపిక ఉందా? రాత్రి నిద్ర పడుతోందా? పక్క బల్ల మనిషికి తెలిస్తే ఏమవుతుందోనన్న బెంగ తగ్గిందా? ఇవేవీ నెత్తుటి చుక్క చెప్పదు. మనిషినే అడగాలి.

అడగడానికీ ఓ శాస్త్రం ఉంది.

31 ప్రశ్నల కొలబద్ద

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో ‘జీవన నాణ్యత’ను కొలిచేందుకు ఓ ప్రశ్నావళి తయారు చేసింది. ప్రపంచవ్యాప్తంగా 15 కేంద్రాలు అందులో పాలుపంచుకుంటే, వాటిలో మన చెన్నై, ఢిల్లీ ఉన్నాయి. తర్వాత దాన్నుంచే హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల కోసం వేరేగా ఒకటి రూపొందింది. దాని పొట్టి రూపంలో ఉన్నవి 31 ప్రశ్నలు. గడిచిన రెండు వారాలను గుర్తు చేసుకుని, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా అంకె చెప్పాలి. ఒళ్లు, మనసు, ఒకరి మీద ఆధారపడకుండా బతకడం, మనుషులతో సంబంధాలు, చుట్టూ ఉన్న పరిస్థితులు, నమ్మకాలు... ఇలా ఆరు విభాగాలుగా మార్కులు వేస్తారు. ఒక్కో విభాగానికి 4 నుంచి 20 వరకూ. నొప్పి గురించి అడిగితే 5 చెప్పారనుకోండి, సంబరపడేది కాదు కదా! అలాంటివాటిని తిప్పి లెక్కేస్తారు.

ఇందులో కొన్ని ప్రశ్నలు మామూలు జబ్బుల వాళ్లను అడిగేవి కావు. ‘మీకు తెలిసినవాళ్లు మిమ్మల్ని తమలో కలుపుకుంటున్నారా?’, ‘నీ వల్లే నీకిది వచ్చిందని ఎవరైనా నిందిస్తే ఎంత బాధగా ఉంటుంది?’ అన్న అర్థం వచ్చేవి అవి. బీపీ మాత్ర వేసుకునేవాణ్ణి ఎవరూ నిలదీయరు. తేడా అక్కడే ఉంది.

తెలుగులో అడిగితే...

ప్రశ్నను ఇంగ్లిషు నుంచి మాటకు మాట మారిస్తే సరిపోదు. తెలుగు చేశాక వేరేవాళ్లతో మళ్లీ ఇంగ్లిషులోకి మార్పించి, అర్థం చెదిరిందేమో చూడాలి. అయినా ఓ చిక్కుంది. ‘ఎలా ఉన్నారు?’ అంటే మనవాళ్లు ‘బాగానే ఉన్నానండి’ అనేస్తారు. అది జవాబు కాదు, మర్యాద! పైగా ఏళ్లతరబడి నీరసానికి అలవాటుపడ్డ మనిషికి ఆ నీరసమే మామూలై కూర్చుంటుంది. అందుకే ఓపిక, నిద్ర, డబ్బు, రాకపోకలు విడివిడిగా అడగాలి. పెడన నుంచి బందరు పెద్దాసుపత్రికి వెళ్లి రావాలంటే దూరం తక్కువే. రోజు కూలీ చేసేవాడికి మాత్రం అది ఒక పూట సంపాదన.

చావు లెక్క నుంచి బతుకు లెక్కకు

దేశంలో ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలైంది 2004 ఏప్రిల్ 1న. ఎక్కువ కేసులున్న ఆరు రాష్ట్రాల్లో అప్పుడు ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ రోజుల్లో ‘ఎన్నాళ్లు బతుకుతాడు?’ అన్నదే ప్రశ్న. 2017లో, హెచ్‌ఐవీ అని తేలిన ప్రతి ఒక్కరికీ చికిత్స ఇవ్వాలన్న విధానం వచ్చింది. మందు సక్రమంగా వాడితే పూర్తి ఆయుష్షుకు దగ్గరగా బతకొచ్చు. వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గితే లైంగికంగా మరొకరికి అంటదు కూడా. మరి ఆ మిగిలిన ముప్పై, నలభై ఏళ్లూ ఎలా గడవాలి? 2016లో కొందరు పరిశోధకులు ఇదే లేవనెత్తారు. పరీక్ష, మందు, వైరస్ అదుపు... మూడింటికీ 90 శాతం లక్ష్యాలు పెట్టుకున్నారు సరే, అదుపులో ఉన్నవాళ్లలో 90 శాతం మందికి మంచి జీవన నాణ్యత అన్న నాలుగో లక్ష్యమేదీ అని.

మార్కులు తక్కువొచ్చిన చోటు తెలిస్తే చేయాల్సిందీ తెలుస్తుంది. మనసు విభాగంలో తగ్గితే కౌన్సెలింగ్. డబ్బు దగ్గర తగ్గితే పింఛను. 2024 జూలై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద ఏఆర్‌టీ వాడే అర్హులకు ఇచ్చేది నెలకు 4,000 రూపాయలు. పనిలోంచి తీసేస్తారన్న భయమైతే, 2018 సెప్టెంబరులో అమల్లోకొచ్చిన చట్టం ఆ వివక్షను నిషేధించింది. మనిషి అనుమతి లేకుండా అతని సంగతి బయటపెట్టకూడదనీ చెప్పింది.

కాబట్టి ఈ 31 ప్రశ్నలు అడిగే చోటు కూడా ముఖ్యమే. చదువు రానివాళ్లకు ఎవరో ఒకరు చదివి వినిపించాలి. మందుల వరసలో, పదిమంది మధ్య, గొంతెత్తి చదివితే అందరూ ‘బాగానే ఉన్నానండి’ అనే చెబుతారు. గది తలుపు వేసి అడగాలి.