మత్స్యకన్య తోక

తెలుగునాట తోలుబొమ్మలాటవారు ఆడు కథలలో మైరావణుని కథ యొకటి. అందు మత్స్యవల్లభుడను వీరుడు కలడు. హనుమంతుని చెమటబొట్టును మ్రింగిన చేప కడుపున పుట్టి, పాతాళమునకు కావలిగా నుండి, తండ్రి యని యెరుగక హనుమంతునితోనే పోరినవాడు. ఇట్టి కథలు అన్ని దేశములలోను కలవు. డెన్మార్కు దేశస్థుడైన ఆండర్సన్ 1837లో ప్రకటించిన చిన్న మత్స్యకన్య కథను ఎరుగని దేశము లేదు. 1996లో వెలువడిన ‘సాహసవీరుడు సాగరకన్య’ యను తెలుగు చలనచిత్రము వలన ఆ రూపము మనవారికిని పరిచితమైనది.

నడుము వరకు మనిషియు, ఆ క్రింద చేపయు నగు ప్రాణి లోకమున ఎక్కడను లేదు. ఐనను మనుష్యులు అట్టి తోకను కుట్టుకొని, తొడుగుకొని, నీటిలో ఈదుచున్నారు. ఆస్ట్రేలియాలో 1886లో జన్మించిన ఆనెట్ కెల్లర్‌మాన్ బాల్యమున కాళ్ల బలహీనత తగ్గుటకై ఈత నేర్చి, తరువాత జగత్ప్రసిద్ధి గాంచిన ఈతగత్తె యైనది. ఆమె 1911లో ఒక మూగచిత్రమున తోక ధరించి ఈదినది. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున వీకీ వాచీ అను నీటియూట కలదు. అక్కడ 1947లో నీటి అడుగున నాటకశాల వెలసినది. ప్రేక్షకులు గాజుగోడల వెనుక కూర్చుందురు. వేషధారిణులు రబ్బరుగొట్టముల ద్వారా గాలి పీల్చుకొనుచు నీటిలోనే ఆడుదురు. ఆ ప్రదర్శనలు నేటికిని జరుగుచున్నవి.

ఇప్పుడు పిల్లలకు సైతము దొరకు తోకలు ఎక్కువగా గుడ్డవి. నైలాను లేక పాలియెస్టరు నూలులో స్పాండెక్స్ అను సాగెడు పోగును కొలదిగా కలిపి ఆ గుడ్డను నేయుదురు. 1958లో జోసెఫ్ షివర్స్ అను రసాయనశాస్త్రజ్ఞుడు కనిపెట్టిన ఈ పోగు తన పొడవునకు ఐదురెట్లు సాగి, విడిచినంతనే మొదటి కొలతకు వచ్చును. తోక చివర, గుడ్డ లోపల, రెండు పాదములను ఒక్కటిగా బిగించు వెడల్పాటి పలక యుండును. దీనికి మోనోఫిన్ అని పేరు. ఒంటిరెక్క యన్నను చెల్లును. ఇందొక వింత కలదు. చేప తన తోకను కుడియెడమలకు ఆడించును. ఈ తోక ధరించినవారు మాత్రము డాల్ఫినువలె పైకి క్రిందికి ఆడింతురు. మోకాలు అటునిటు వంగదు కదా! కనుక మత్స్యకన్య చేపకన్న డాల్ఫినుకే దగ్గర చుట్టము.

తోక నీటిలో నున్నంతసేపు చెడిపోవుట తక్కువ. నీటినుండి వెలువడిన తరువాతి గంటలోనే దానికి చేటు. ఈతకొలనులలో క్రిములను చంపుటకు క్లోరిన్ కలుపుదురు. క్లోరిన్ క్రిములను మాత్రమే చంపి ఊరకుండదు. గుడ్డలో మిగిలిపోయినచో సాగెడు పోగును కొంచెము కొంచెముగా కొరికివేయును. రంగు వెలయును, బిగువు తగ్గును. పాలియెస్టరు దానిని కొంతవరకు ఓర్చుకొనును గాని స్పాండెక్స్ ఓర్వలేదు. సముద్రపునీరైనచో ఉప్పు ఆరి, పలుకులుగా మారి, నేతలో రాపిడి కలిగించును. కొబ్బరినూనె రాచుకొని ఈతకు దిగుట మనవారి అలవాటు. ఆ నూనె మరకలు గుడ్డను పట్టి సులభముగా వదలవు.

కనుక గట్టెక్కిన వెంటనే తోకను మంచినీట జాడింపవలెను. ఇంటికి పోయి చూతమనుట పనికిరాదు. ముందుగా ఒంటిరెక్కను బయటికి తీయవలెను. పిమ్మట తోకను లోపలివైపు పైకి త్రిప్పి, చన్నీటిలో కొంచెము మెత్తని సబ్బుతో చేతితోనే ఉతుకవలెను. వేడినీరు, చాకలిసోడా, బండమీద బాదుట తగవు. పిండుటయు తగదు. పొడి తువాలులో చుట్టి అదిమినచో నీరు దానంతట అదే తువాలుకు ఎక్కును. ఇస్త్రీపెట్టెను దగ్గరకు రానీయరాదు.

ఆరవేయుటలో మన పెద్దలు పట్టుచీరకు చూపు జాగ్రత్తయే దీనికిని తగియున్నది. తిరుమలాయపాలెములోని బాలిక యొకతె మేనెలలో తన తోకను దండెముపై ఎండలో ఆరవేసినదనుకొనుడు. ఖమ్మము సీమ యెండలో అది శీఘ్రముగా ఆరునన్నది నిజమే. కాని ఆ యెండయే రంగును, సాగుడును హరించును. నీడలో, గాలి తగులుచోట, రెండు దండెములపై అడ్డముగా పరచవలెను. నడుమువద్ద పట్టి వ్రేలాడదీసినచో తడిబరువంతయు చివరకు దిగి తోక పొడవు సాగును. వానకాలమున వేరొక చిక్కు కలదు: తోక కొసలో నిలిచిన నీరు రోజుల తరబడి ఆరక బూజు పట్టును. అందుచేత కొసలోనికి చేయి పోనిచ్చి తడి చూడవలెను. ఒంటిరెక్కను వంచక, దానిపై బరువు పెట్టక, వేరుగా చదునుగా ఉంచవలెను. తోకను మడతలు పెట్టుటకంటె వదులుగా చుట్టి నూలుసంచిలో నుంచుట మేలు. ఎలుకలున్న ఇంట సంచి కూడ చాలదు, పెట్టె కావలెను.

మొదట చిరుగునది తోక కొస. కొలనుగట్టు సిమెంటుపై ఈడ్చుటవలన అది అరిగిపోవును. చిరుగు చిన్నదిగా నున్నప్పుడే దర్జీకి చూపవలెను. అతడు సాదా కుట్టు వేసినచో గుడ్డ సాగినప్పుడు దారము సాగక పటుక్కున తెగును. పాలియెస్టరు దారముతో వంకరకుట్టు వేయుమని చెప్పవలెను.

ఈ మరమ్మతు అందమునకు మాత్రమే కాదు. తోక ధరించినవారికి రెండు కాళ్లును కట్టివేసినట్లే. బిగువు తప్పిన నడుములోనికి నీరు చొచ్చి కదలికకు అడ్డుపడును. కుట్టు విడిన చోటునుండి ఒంటిరెక్క జారి అడ్డము తిరిగినచో, ఎంతటి ఈతగాడైనను తికమకపడును. ఇందువలననే కొన్ని దేశములలో కొన్ని ఈతకొలనులవారు ఈ తోకలను నిషేధించిరి. దిగుటకు ముందు ప్రతిసారియు కుట్లన్నియు చేతితో తడిమి చూడవలెను. గట్టుపై కూర్చుండి, ఒక్క లాగుతో తోక ఊడివచ్చునో లేదో పరీక్షింపవలెను. తోక లేక చక్కగా ఈదలేనివారు దానిని ధరింపనే కూడదు. ఈత వచ్చినవారైనను లోతు తెలిసిన కొలనులో, పెద్దలు చెంత నుండగానే దిగవలెను. మోటబావులు, చెరువులు, మున్నేరు ప్రవాహము, పాలేరు జలాశయము దీనికి చోట్లు కావు. అక్కడ అడుగున ముండ్లును, బురదయు, వలత్రాళ్లును ఉండును. కాళ్లు విడివిడిగా నున్నవారికే వానినుండి తప్పించుకొనుట కష్టము.

నెలల తరువాత పెట్టెనుండి తీసినప్పుడు గుడ్డను రెండు వ్రేళ్లతో పట్టి లాగి విడువవలెను. వెంటనే ముడుచుకొన్నచో నీటికి పనికివచ్చును. ముడతలు పడి వదులుగా నిలిచిపోయినచో దానికి ఈతతో పని తీరినది. అప్పుడు ఒంటిరెక్కను తీసివేసి, నడచుటకు వీలుగా అడుగున కోసి అంచు కుట్టినచో, పాఠశాల వార్షికోత్సవమునాడు మత్స్యవల్లభుని వేషమునకు ఆ తోక చక్కగా సరిపోవును.