మూతపడిన షాపు చరిత్ర... మీ రెజ్యూమెలో ఓ ప్రాజెక్టు!

హైదరాబాద్‌లో ఆబిడ్స్ తెలియనివాళ్లు తక్కువ. సెకండ్‌ హ్యాండ్ పుస్తకాలకో, బట్టలకో ఏదో ఒక ఆదివారం అక్కడికి వెళ్లే ఉంటారు. ఆ పేరు ఏ నవాబుదో, ఏ దొరదో కాదు.. ఓ దుకాణందారుది! ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆబిద్ అనే ఆర్మీనియన్ అక్కడ పెట్టిన షాపు వల్ల ఆ ప్రాంతానికి ఆ పేరొచ్చింది. షాపు ఎప్పుడో పోయింది. పేరు మాత్రం బస్సు బోర్డుల మీద మిగిలింది. అక్కడ కౌంటర్ వెనక నిలబడ్డదెవరు, గుమాస్తాకు జీతం ఎంత, అరువు ఎవరికిచ్చేవారు అని అడిగితే చెప్పగలిగినవాళ్లు ఎంతమంది దొరుకుతారు?

మూతపడిన షాపుల విషయంలో ఇలాంటి ప్రశ్నలకు జవాబులు వెతికి రాయడం కూడా ఓ నైపుణ్యమే. హిస్టరీ వాళ్లకే పరిమితం కాదు. కామర్స్, జర్నలిజం, బీబీఏ చదివేవాళ్లూ చేయొచ్చు. అసలు దీన్ని బాగా చేసి చూపించిన ఒకాయన వృత్తి వింటే ఆశ్చర్యపోతారు.

వాద్యకారుడు.. చరిత్రకారుడు

అమెరికాలోని బాల్టిమోర్ సింఫనీ ఆర్కెస్ట్రాలో ఓబో వాయించే కళాకారుడు మైఖేల్ లిసికీ. (ఓబో అంటే మన సన్నాయికి దూరపు చుట్టం అనుకోండి, దాన్లోనూ రెండు రెల్లు పీకలే.) ఆయన 2009లో బాల్టిమోర్‌లోని ‘హట్జ్‌లర్స్’ డిపార్ట్‌మెంట్ స్టోర్ మీద పుస్తకం తెచ్చారు. తర్వాత ఫిలడెల్ఫియాలోని వానమేకర్స్, ఆపైన గింబెల్స్, బోస్టన్‌లోని ఫైలీన్స్.. ఇలా మూతపడిన పెద్ద స్టోర్ల చరిత్రలు వరసగా రాశారు. ఉద్యోగం ఉద్యోగమే, రాత రాతే!

హట్జ్‌లర్స్ కథ 1858లో మొదలైంది. పెట్టింది కొడుకు ఏబ్రమ్. కానీ కుర్రాణ్ని నమ్మి సరుకు అప్పు ఇచ్చేదెవరు? అందుకే తండ్రి మోజెస్ పేరు మీద ‘ఎం. హట్జ్‌లర్ అండ్ సన్’ అని బోర్డు కట్టారు. మన ఊళ్లలో నాన్న పేరు మీద లైసెన్సు, కొడుకు చేతిలో గల్లాపెట్టె ఉండే కొట్లు గుర్తొస్తున్నాయా? 1888లో హోవార్డ్ స్ట్రీట్‌లో ‘ప్యాలెస్’ అని పిలిచే రాతి భవనం లేచింది. 1932లో దాని పక్కన కొత్త టవర్ వచ్చింది. బాల్టిమోర్ వాళ్లకు అది బట్టలు కొనే చోటు మాత్రమే కాదు. అమ్మతో కలిసి వెళ్లి పైన రెస్టారెంట్లో భోంచేసే చోటు, పండగ ముందు కిటికీల్లో అలంకరణ చూసే చోటు.

మరి ఎందుకు మూతపడింది? కార్లు పెరిగాయి. ఉన్నవాళ్లు, ముఖ్యంగా తెల్లవాళ్లు, శివార్లకు తరలిపోయారు. పార్కింగ్ ఉన్న మాల్స్ వచ్చాయి. హట్జ్‌లర్స్ కూడా 1952లో టౌసన్ అనే శివారులో పెద్ద శాఖ తెరిచింది. జనం వెళ్లినచోటికే తనూ వెళ్లింది.. దాంతో డౌన్‌టౌన్‌కి రావాల్సిన అవసరం ఇంకాస్త తగ్గింది. కామర్స్ విద్యార్థులకు ఇంతకన్నా మంచి కేస్ స్టడీ ఏముంటుంది? చివరికి 1990 నాటికి కంపెనీయే లేకుండా పోయింది. ప్యాలెస్ భవనం మాత్రం ఇప్పటికీ నిలబడే ఉంది.

అందరికీ ప్రియమైనదేనా?

ఇక్కడే అసలు పరీక్ష. ‘ఆ రోజులే వేరు’ అనే జ్ఞాపకాలు మాత్రమే పోగుచేస్తే పుస్తకం తియ్యగానే ఉంటుంది. కానీ సగం చరిత్రే అవుతుంది. బాల్టిమోర్ డౌన్‌టౌన్‌లోని పెద్ద స్టోర్లలో నల్లజాతివాళ్లు డబ్బు పెట్టి బట్టలు కొనొచ్చు.. కానీ తొడిగి చూసుకునే వీల్లేని రోజులుండేవి. సరిపోకపోయినా వాపసు లేదు. రెస్టారెంట్లో కూర్చోనిచ్చేవారు కాదు.

1960 మార్చిలో మోర్గన్ స్టేట్ కాలేజీ విద్యార్థులు, అంటే మీ వయసువాళ్లే, ఈ స్టోర్ల రెస్టారెంట్ల ముందు నిరసనకు దిగారు. హాక్‌షీల్డ్ కోన్ అనే పక్క స్టోర్ వెంటనే తలుపులు తెరిచింది. హట్జ్‌లర్స్ మరికొన్ని వారాలు తీసుకుని ఏప్రిల్లో దారికొచ్చింది. కిటికీ అలంకరణ గురించి మురిసిపోయే పెద్దావిడ జ్ఞాపకం ఎంత నిజమో, ఆ కిటికీ బయట ప్లకార్డు పట్టుకున్న విద్యార్థి జ్ఞాపకం కూడా అంతే నిజం. రెండూ రాయాలి. నా మటుకు నాకు ఈ రెండోది లేని స్టోర్ చరిత్ర కంపెనీ బ్రోషర్‌లాగే కనిపిస్తుంది.

మన ఊరి షాపు చరిత్ర రాసినా ఇదే ప్రశ్న వేసుకోవాలి. లోపలికి ఎవరు రాగలిగారు, ఎవరు గుమ్మం దగ్గరే ఆగారు? ఆడవాళ్లను పనిలోకి ఎప్పుడు తీసుకున్నారు?

ఎక్కడ వెతకాలి?

మన దగ్గర ఇలాంటి పని చేసినవాళ్లు లేరా అంటే ఉన్నారు. మద్రాసు మౌంట్ రోడ్డులో స్పెన్సర్స్ గురించి తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ పాత భవనం 1980ల మొదట్లో అగ్నికి ఆహుతైంది. ఆ సంస్థ చరిత్రను మద్రాసు చరిత్రకారుడు ఎస్. ముత్తయ్య పుస్తకంగా రాశారు.

మొదట కాగితం, తర్వాత మనిషి.. ఇదీ వరస. ఖాళీ చేతులతో వెళ్లి ‘ఆ రోజులు ఎలా ఉండేవండీ?’ అంటే ‘బాగుండేవి బాబూ’ అనే జవాబే వస్తుంది. పాత పేపర్లలో దసరా, సంక్రాంతి ప్రకటనలు చూసి వెళ్లండి. ప్రకటనలో షాపు పేరు, చిరునామా, సరుకులు, ఒక్కోసారి ధరలు కూడా ఉంటాయి. హైదరాబాద్‌లో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం పాత పత్రికలకు పెట్టింది పేరు. నిజాం కాలం నాటి ప్రభుత్వ రికార్డులకైతే తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్. షాపు కంపెనీగా నమోదై ఉంటే కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్లో పేరు కొట్టి చూడొచ్చు. భాగస్వామ్య సంస్థ అయితే రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర.

అన్నిటికన్నా విలువైనవి చిట్టా, ఆవర్జాలు. యజమాని ఇంట్లో అటక మీద ఉంటాయి.. లేదా ఇల్లు మారినప్పుడు తూకానికి వెళ్లిపోయి ఉంటాయి. తొందరపడమనేది అందుకే. పేజీలు ఫొటోలు తీసుకుని పుస్తకాలు తిరిగిచ్చేయండి. మీతో తెచ్చేసుకోవద్దు. అప్పు ఖాతాల్లో ఉన్న కస్టమర్ల పేర్లు మాత్రం ఎక్కడా బయటపెట్టకండి. వాళ్ల పిల్లలు ఇంకా ఆ ఊళ్లోనే ఉంటారు!

ఆ తర్వాత పాత ఉద్యోగుల దగ్గరికి. యజమాని కంటే ముందు గుమాస్తా, టైలరు, వాచ్‌మన్. ‘పొద్దున షట్టర్ ఎవరు తీసేవారు? మొదటి నెల జీతం ఎంత? చివరి రోజు ఏం అమ్మారు?’ లాంటి చిన్న ప్రశ్నలే పెద్ద జవాబులు తెస్తాయి. ఫోన్లో రికార్డు చేసే ముందు సంతకంతో అనుమతి తీసుకోండి. చెప్పిన తేదీని పేపర్‌తో సరిచూడండి. మనిషి జ్ఞాపకం మనసులోని సంగతి సరిగ్గానే చెబుతుంది, సంవత్సరం మాత్రం తరచూ తప్పుతుంది.

ఫొటోల విషయంలో జాగ్రత్త. మన చట్టం ప్రకారం ఫొటోకి దాన్ని తీసినవారి జీవితకాలమంతా, ఆ తర్వాత మరో 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది. ఆల్బమ్ మీ చేతికిచ్చారంటే అచ్చు వేసుకోమని కాదు.

ఉద్యోగం వస్తుందా?

నిజం చెప్పాలంటే, ‘షాపు చరిత్రకారుడు కావలెను’ అని ప్రకటన ఎక్కడా పడదు. ఆర్కైవ్స్‌లో పోస్టులూ తక్కువే. అయితే దారి లేకపోలేదు. పుణెలో రిజర్వ్ బ్యాంక్ ఆర్కైవ్స్ (1981), టాటా సెంట్రల్ ఆర్కైవ్స్ (1991), ముంబయిలో గోద్రెజ్ ఆర్కైవ్స్ (2006) లాంటివి ఉన్నాయి. దిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్‌కి చెందిన స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్ ఏడాది డిప్లొమా నడుపుతోంది. అర్హతలు, తేదీలు నోటిఫికేషన్లో చూసుకోండి.

వీటి సంగతి పక్కనపెట్టినా, ఇంటర్వ్యూ బోర్డు ముందు ‘గుడ్ కమ్యూనికేషన్ స్కిల్స్’ అని రాసుకున్నవాళ్లు వందమంది ఉంటారు. ‘మా ఊళ్లో మూతపడిన బట్టల షాపు మీద పన్నెండుమందిని ఇంటర్వ్యూ చేశాను, ముప్పై ఏళ్ల ఆవర్జాలు చదివి అమ్మకాలు ఎప్పుడు, ఎందుకు పడ్డాయో నలభై పేజీల్లో రాశాను’ అని చెప్పగలిగేవాళ్లు ఎంతమంది? మార్కెట్ రీసెర్చ్, కంటెంట్ రైటింగ్, కార్పొరేట్ కమ్యూనికేషన్స్ ఉద్యోగాల్లో చేయించే పని కూడా చాలావరకు ఇదే.

ఒక్క సెమిస్టర్ సెలవులు చాలు. ఒకే షాపు, ఒకే వీధి తీసుకోండి. పూర్తయ్యాక ఒక ప్రతి మీ ఊరి శాఖా గ్రంథాలయంలో ఇవ్వండి. ఇంకోటి కబుర్లు చెప్పిన గుమాస్తా గారింటికి.. కాస్త పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీయించి.