లక్ష రూపాయల చక్రం, నలభై సెకన్లు

సైకిల్ షాపులో బెండు తీస్తుంటే ఎప్పుడైనా నిలబడి చూశారా? మెకానిక్ సైకిల్‌ని తలకిందులు చేసి చక్రం తిప్పుతాడు. రిమ్ము పక్కన వేలు పెట్టి ఎక్కడ తగులుతోందో కనిపెడతాడు. ఆ చోట స్పోకుల్ని ఒక్కొక్కటే మీటుతాడు. బిగువుగా ఉన్నది టింగుమంటుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది. స్పోకును బిగించే నిప్పిల్‌ని పావు చుట్టు తిప్పి మళ్ళీ మీటుతాడు. వీణ శ్రుతి చేసేవాడికీ ఇతనికీ తేడా చేతులకంటిన గ్రీజే.

సైకిల్ చక్రానికి ఆ బిగువే ప్రాణం. ఎడ్లబండి చక్రంలోనైతే ఆకులు బరువును కింద నిలబడి మోస్తాయి కాబట్టి లావుగా ఉండాలి. ఆ లావు వదిలించుకునే దారి 1808లో ఇంగ్లండ్‌లో జార్జ్ కేలీకి తట్టింది. తన ఎగిరే యంత్రానికి తేలిక చక్రం కావలసివచ్చి, కర్ర ఆకుల బదులు బిగించి లాగిన తాళ్ళు చాలని నోటుపుస్తకంలో రాసుకున్నాడు. సన్నటి తీగను తోస్తే వంగిపోతుంది. లాగితే మాత్రం గట్టిది. నేటి రేసు సైకిల్ వెనక చక్రంలో గొలుసు వైపున్న 2 మి.మీ. స్పోకు ఒక్కొక్కటీ దాదాపు 100 కిలోల బిగువు పట్టుకుని ఉంటుంది.

1869లో పారిస్‌లో యూజీన్ మేయర్ తీగ స్పోకుల చక్రానికి పేటెంటు తీసుకున్నాడు. 1874లో కోవెంట్రీలో జేమ్స్ స్టార్లీ స్పోకుల్ని తిన్నగా కాక వాలుగా, ఒకదాని మీదుగా ఒకటి అల్లాడు. పెడల్ తొక్కినప్పుడు ఇరుసు దగ్గర పుట్టే మెలిని ఆ అల్లిక తట్టుకుంటుంది. మీ వీధిలో పాలవాడి సైకిల్‌కి ఇప్పటికీ ఉన్నది అదే. 1888లో బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ గాలి టైరు తెచ్చాడు.

ఆ తర్వాత చాలాకాలం అందరి యావా బరువు తగ్గించడం మీదే. 1934 టూర్ ద ఫ్రాన్స్‌లో గెలిచిన ఆంటోనిన్ మాన్యే తొక్కినవి మావిక్ వారి అల్యూమినియం మిశ్రలోహపు రిమ్ములు. నిబంధనలు చెక్క రిమ్ములే వాడాలన్నాయి గనుక, వాటికి చెక్క రంగు పూశారని చెబుతారు.

కథ మలుపు తిరిగింది 1984 జనవరిలో, మెక్సికో సిటీలో. గంటలో ఎంత దూరం తొక్కగలరన్న పోటీలో ఎడీ మెర్క్స్ 1972లో అక్కడే 49.431 కి.మీ. వెళ్ళాడు. ఫ్రాంచెస్కో మోజర్ దాన్ని 51.151కి లాక్కెళ్ళాడు. అతని సైకిల్‌కి స్పోకులే కనబడవు. పళ్ళేల్లా మూసిన చక్రాలు. చక్రానికి అసలు శత్రువు బరువు కాదు, గాలి అని లోకానికి అప్పుడు బాగా ఎక్కింది. ఇవాళ్టి ఎత్తయిన కార్బన్ రిమ్ములు ఆ పళ్ళేలకు వారసులే.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద 23 కి.మీ. సైకిల్ ట్రాక్ ఉంది. అక్కడ ఒక ఆదివారం మిత్రుడి కార్బన్ చక్రాలు అరువడిగి తొక్కాను. లక్ష దాటిన జత. వేగం అందుకోగానే కింద నుంచి హోరు మొదలైంది. ఆ హోరు వింటే కాళ్ళకు బలం వచ్చినట్టనిపిస్తుంది. పక్కగాలి కొట్టినప్పుడు హ్యాండిల్ చేతిలోంచి గుంజుకున్నట్టూ అనిపిస్తుంది.

ఇంటికొచ్చి లెక్క కట్టాను. మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలు. ఈ చక్రాలు గాలి నిరోధంలో 3 శాతం తగ్గిస్తాయనుకుందాం. 40 కి.మీ. దూరాన్ని గంటలో తొక్కేవాడికి దాదాపు 35 సెకన్లు మిగులుతాయి. గంటా ఇరవై నిమిషాలు పట్టే నాలాంటివాడికి 40 పైచిలుకు. అవును, నెమ్మదిగా వెళ్ళేవాడికే ఎక్కువ! గాలిలో ఎక్కువసేపు ఉండేది అతనే కదా. వేగంగా వెళ్ళేవాళ్ళకే ఇవి పనికొస్తాయన్న మాట, కాబట్టి, పూర్తి నిజం కాదు. బరువు సంగతి? చక్రాలు 400 గ్రాములు తేలికైతే, గంటసేపు ఘాట్ ఎక్కినా ఇరవై సెకన్లు కూడా కలిసిరావు.

కానీ గంటకు 30 కి.మీ. వేగంలో ఆ 3 శాతమంటే మూడు నాలుగు వాట్లు. మొద్దు టైర్లు తీసేసి మెత్తగా దొర్లే రేసు టైర్లు వేస్తే, రోడ్డు రాపిడిలోనే పదమూడు వాట్ల దాకా మిగలొచ్చు. ఖర్చు చక్రాల ధరలో పదో వంతు. ఇక గాలికి అడ్డొచ్చేదానిలో ముప్పావు వంతు సైకిల్ కాదు, దానిమీద కూర్చున్న మనిషి. మోచేతులు వంచి తల దించడానికి పైసా పడదు, నడుం ఒప్పుకుంటే.

పోటీలో సెకన్లతో పతకం తేలేవాళ్ళు కొనుక్కోవచ్చు. ఆ హోరు కోసమే కొనేవాళ్ళనూ నేను తప్పుపట్టను. సరదాకి వాట్ల లెక్కేమిటి? నేను మాత్రం టైర్లు మార్చాను. చక్రాలు కొనకుండా మిగిల్చిన లక్ష అసలు నా దగ్గర ఎప్పుడూ లేదు, అది వేరే విషయం.