రికాల్సిట్రంట్ : ఒక ఆంగ్లపదము పుట్టుక

పాఠశాలనుండి వచ్చు ప్రగతిపత్రములందు అప్పుడప్పుడు ‘రికాల్సిట్రంట్’ అను ఆంగ్లపదము కనబడుచుండును. నిఘంటువు చూచినచో మొండివాడు, చెప్పినమాట విననివాడు అని యుండును. అంతటితో తలిదండ్రులు పిల్లవానిని మందలింతురు. ఆ పదమును కొంచెము విప్పి చూచిన పిమ్మట మందలించుట మేలని మా మనవి.

లాటిను భాషలో ‘కాల్క్స్’ అనగా మడమ. వైద్యులు మడమయెముకను ‘కాల్కేనియస్’ అనుట అందువలననే. ‘కాల్కిట్రారే’ అనగా మడమతో తన్నుట. దానికి ముందు ‘రి’ చేరినచో వెనుకకు తన్నుట. గుఱ్ఱమునకును కంచరగాడిదకును తగిన ఈ మాట, ఫ్రెంచివారి ద్వారా 19వ శతాబ్దిలో ఆంగ్లమున ప్రవేశించి, మనుష్యులకు అంటుకొన్నది. ములుకోలకు ఎదురుతన్ను ఎద్దును గూర్చిన సామెత గ్రీకులకును రోమనులకును కూడ కలదు. అందు మనము గమనింపవలసినది ఎద్దును గాదు, ములుకోలను. వెనుకనుండి పొడుచువాడు లేనిచో ఆ తన్నును లేదు.

మన ‘మొరాయించుట’ ఈ పదమునకు దగ్గఱిచుట్టము. ధర్మపురి జిల్లావారికి దీనిని వివరింప నక్కఱలేదు. వత్తల్‌మలైకి నేడు మెలికల దారి కలదు గాని, పెన్నాగరము ప్రాంతపు కోట్టూరు కొండకు 2021 శాసనసభ ఎన్నికలలో సైతము ఓటు యంత్రములను గాడిదలపైననే చేరవేసిరి. అట్టి ఎక్కుడుదారిలో గాడిద నిలిచిపోయినచో, తెలిసిన తోలరి వెంటనే కఱ్ఱ యెత్తడు. బరువు ఒకప్రక్కకు ఒరిగెనా, గిట్టలో రాయి చిక్కెనా యని చూచును.

మొండితనమునకే ఆంగ్లమున వేఱొక జాతి పదములు గలవు. ‘టెనేషస్’, ‘పర్టినేషస్’ అనునవి పట్టుకొనుట యను అర్థముగల లాటిను ధాతువునుండి పుట్టినవి. మన ‘పట్టుదల’లో నున్నదియు పట్టే, తమిళుల ‘పిడివాదము’లోని పిడియు పట్టే. చిత్రమేమనగా, అదే పట్టు పట్టుదలయైనచో మెచ్చుకొందుము, మంకుపట్టైనచో తిట్టుదుము!

ఇంట తెలుగు, వీధిలో తమిళము, తరగతిలో ఆంగ్లము మోయుచున్న మన పిల్లవాడు ప్రశ్నకు బదులు చెప్పక నిలిచినప్పుడు అది తన్నా, పట్టా, లేక బరువు ఒరుగుటయా? ప్రగతిపత్రముపై సంతకము చేయుటకు ముందు ఉపాధ్యాయులను మర్యాదగా ఒక్కమాట అడుగవచ్చును: మావాడు నోరు విప్పనిది ఏ పాఠమున, ఏ భాషలో అడిగినప్పుడు?