పాత కారు, కొత్త యజమాని

సికిందరాబాదు రాంగోపాల్‌పేట్‌లో గడియారంతో కూడిన పాత పోలీసు ఠాణా ఒకటి ఉన్నది. ఈ పేటకు పేరిచ్చిన దివాన్ బహదూర్ సేఠ్ రాంగోపాల్ గారే ఆ భవనాన్ని కట్టించారు. దాని ముందున్న బాట ఒకప్పుడు జేమ్స్ వీధి. నేడు మహాత్మాగాంధీ రోడ్డు. అక్కడికి కొద్ది దూరంలోనే రాణీగంజ్. బేరింగులు, బోల్టులు, పంపులు, మోటారు విడిభాగాలు అమ్మే అంగళ్ళు అక్కడ వరుస తీరి ఉంటాయి. పాత కారు కొన్న ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు, అరిగిపోయిన సామానొకదానిని గుడ్డలో చుట్టి చేత బట్టుకొని, ఈ వీధులలో తిరుగక తప్పదు. నేనూ తిరిగినవాడినే. ఆ తిరుగుటలో నేర్చుకొన్న నాలుగు సంగతులు, కొద్దిపాటి సొమ్ముతో ముచ్చటైన పాత కారు కొనదలచిన శ్రోతలకు ఉపయోగపడవచ్చునని తోచి ఇక్కడ మనవి చేస్తున్నాను.

ముచ్చటైన పాత కారు అనగానే కొందరికి చౌమహల్లా ప్రాసాదంలో నిలిపి ఉంచిన 1912 నాటి పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ జ్ఞాపకం రావచ్చును. అది ప్రభువుల సొత్తు. మనం టికెట్టు కొని చూచి రావలసినది. మన మాట మధ్యతరగతి గృహస్థు అందుకోగల బండ్లను గురించినది. అవి తక్కువేమీ కావు. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ కారు ఆకృతిలో ఉత్తరపారాలో తయారై, 1950 దశకపు చివరినుండి 2014 వరకు సాగిన అంబాసిడర్ ఒకటి. 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా మొదలై, తరువాత పద్మిని అనే పేరు పెట్టుకొని, సుమారు 2000 వరకు బొంబాయిలో తయారైన బండి మరొకటి. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఉన్నది. దాని రూపాన్ని గీసినవాడు ఇటలీ దేశస్థుడైన మికెలోట్టి. ఫియట్ 124 దేహంలో నిస్సాన్ ఇంజను పెట్టుకొన్న ప్రీమియర్ 118 ఎన్.ఇ., విశాలమైన కాంటెసా, ఇవన్నీ 1980 దశకపు బండ్లు. వీటన్నిటికంటె నిరాడంబరమైనది 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800. దాని తొలినాటి నమూనాలు కూడ నేడు ఆదరానికి పాత్రమవుతున్నాయి.

వీటిలో ఏది కొనవలెనన్న ప్రశ్నకు ముందు వేసుకొనవలసిన ప్రశ్న ఇంకొకటి ఉన్నది. ఈ కారుతో మనకు పని ఏమిటి? దినమూ కచేరీకి పోవుటకా, లేక ఆదివారంనాడు ఇంటిల్లిపాదిని ఎక్కించుకొని హుస్సేన్‌సాగరు గట్టుమీద ఒక చుట్టు తిరిగి వచ్చుటకా? మొదటిదైతే ముచ్చటను కొంచెం తగ్గించుకొని, సామాను సులభంగా దొరికే బండినే చూడవలెను. మారుతి 800, అంబాసిడర్ ఇందుకు తగినవి. అవి లక్షలాదిగా అమ్ముడైనవి. వాటిని విప్పి బిగించగల ఉస్తాదులు ఇప్పటికీ ఉన్నారు. రెండవదైతే హెరాల్డ్‌ను గాని 118ను గాని తలచవచ్చును. అప్పుడు ఒక చిన్న అద్దానికో, ఒక దీపపు చట్రానికో నెలల తరబడి వెదికే ఓర్పు ఉండవలెను. సామాను దొరకని బండి ఎంత చౌకగా వచ్చినా ఖరీదైనదే.

ఈ నీతి నాకు పుస్తకాలవల్ల తెలిసినది కాదు. కొన్ని సంవత్సరాల క్రిందట నేనొక పద్మినిని కొన్నాను. మా నాన్నగారి స్నేహితులొకరికి అటువంటి బండి ఉండేది. చిన్నతనంలో దాని వెనుక సీటులో కూర్చొని పెండ్లిండ్లకు పోయిన జ్ఞాపకం నన్ను వదలలేదు. నేను చూచిన బండికి కొత్తగా వేసిన వెన్నరంగు తళతళలాడుతున్నది. అడిగిన ధర తక్కువ. సాయంకాలపు వెలుగులో ఒక్కసారి చుట్టూ తిరిగి చూచి, బయానా ఇచ్చి వచ్చాను. మా ఇంట్లో, “ఎవరికైనా చూపించరాదా?” అని అడిగారు. అది అమ్మాయి కళాశాల ఫీజుకని దాచిన సొమ్ము. అడుగుటకు ఆమెకు హక్కున్నది. నేను వినలేదు.

తొలకరి వానలో బండి గుట్టు బయటపడినది. కాళ్ళక్రింద నీళ్ళు చేరినవి. చాప ఎత్తి చూస్తే అడుగున రేకు లేదు. చెక్క పలక పరచి, దానిమీద తారు పూసి ఉన్నది. టింకరింగుకు అయిన ఖర్చు బండి వెలను మించినది. దానికి తోడు కాగితాలు చనిపోయిన యజమాని పేరుననే ఉన్నవి. వారసులు ముగ్గురు, ముగ్గురూ మూడు ఊళ్ళలో. బండి నా పేరుకు మారేసరికి ఏడాదిన్నర పట్టినది. ఆ యేడు అమ్మాయి ఫీజు అప్పు చేసి కట్టవలసివచ్చినది. అమ్మినవారిని నేను నిందించుట లేదు. చూడవలసినవాడు చూడలేదు, అంతే.

కనుక మొదట చూడవలసినది రంగు కాదు, రేకు. ఇంజను చెడితే విప్పి బాగుచేయవచ్చును. గేరుపెట్టె పోతే మరొకటి తేవచ్చును. దేహం తుప్పు పట్టితే మాత్రం బండి కరగిపోతున్నదనే అర్థం. పద్మిని, మారుతి వంటి వాటికి వేరే చాసిస్ చట్రం లేదు. రేకే వాటి ఎముకల గూడు. హెరాల్డ్‌కు ప్రత్యేకమైన చట్రమున్నది గాని, దానికీ తుప్పు పట్టును. పగటివేళ, ఎండలో, బండి పొడిగా ఉన్నప్పుడే చూడవలెను. చాపలు ఎత్తి అడుగు తట్టవలెను. తలుపుల క్రింది పట్టీలు, చక్రాలపై వంపులు, బ్యాటరీ కూర్చున్న పళ్ళెం, డిక్కీలో స్టెప్నీ క్రింది గుంట, ఇవి తుప్పు ముందుగా చేరే తావులు. ఒక చిన్న అయస్కాంతానికి పలుచని గుడ్డ చుట్టి రేకుమీద నడిపితే, అది పట్టుకొననిచోట క్రింద పుట్టీ ఉన్నదని గ్రహించవచ్చును. అయస్కాంతానికి అయ్యే ఖర్చు అతిస్వల్పం. అది తప్పించే నష్టం చాల పెద్దది. సముద్రపు గాలికి పెరిగిన బండికంటె మన దక్కన్ పీఠభూమి పొడి గాలిలో పెరిగిన బండికి తుప్పు తక్కువ. అందుచేత బండి విశాఖపట్టణంలో ఉండినదా, వరంగల్లులో ఉండినదా అన్నది కూడ అడిగి తెలుసుకొనవలసిన విషయమే.

తరువాత ఇంజను. అమ్మేవారిని ముందుగానే, “మేము వచ్చేవరకు బండి స్టార్టు చేయకండి” అని కోరవలెను. వేడెక్కిన ఇంజను తన రోగాలను దాచుకొంటుంది. చల్లని ఇంజను దాచలేదు. మొదట డిప్‌స్టిక్ తీసి చూడవలెను. నూనె మజ్జిగవలె తెల్లబారి ఉంటే అందులో నీరు చేరినదని, హెడ్ గాస్కెట్ చెడి ఉండవచ్చునని భావించవలెను. స్టార్టు చేసిన పిదప పొగ రంగు గమనించవలెను. నీలిపొగ వస్తే ఇంజను నూనెను త్రాగుతున్నది. పిస్టను రింగులో, వాల్వు గైడులో అరిగి ఉంటాయి. నల్లపొగ వస్తే పెట్రోలు ఎక్కువగా పోతున్నది. అది తరచు కార్బురేటరు సవరణతో పోవును. చలివేళ కొద్దిసేపు కనిపించి మాయమయ్యే తెల్లని ఆవిరికి భయపడనక్కరలేదు. ఆగకుండ వచ్చే తెల్లపొగకు మాత్రం భయపడవలెను. ఉస్తాదును వెంట తీసుకొనిపోయి అన్ని సిలిండర్ల కంప్రెషను గేజితో కొలిపిస్తే ఇంకా మంచిది. అంకెలన్నీ దగ్గరగా ఉండుట ముఖ్యం. ఒకటి బాగా తగ్గితే జబ్బు అక్కడ ఉన్నదన్నమాట. ఉస్తాదుకు ఇచ్చే ఆ పూట కూలి, బండి వెలలో మొదటి వాయిదా అనుకొనవలెను.

ఇంధనం మాట కూడ ఇక్కడనే చెప్పవలెను. ఈ బండ్లలో చాలవరకు సీసం కలిసిన పెట్రోలు కాలానివి. మన దేశంలో 2000 సంవత్సరంలో సీసపు పెట్రోలు అమ్మకం నిలిచిపోయినది. సీసం ఆ పాత ఇంజనులలో వాల్వు సీట్లకు కొంత రక్షణగా ఉండేది. అందుచేత హెడ్ విప్పిన సందర్భం వచ్చినప్పుడు గట్టి లోహపు వాల్వు సీట్లు వేయించుకొనుట వివేకం. ఇక 2025 నాటికి బంకులలో దొరికే పెట్రోలులో నూటికి 20 పాళ్ళ వరకు ఇథనాలు చేరినది. ఇథనాలు పాతకాలపు రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. గాలిలోని తేమను పీల్చుకొంటుంది. బండి నెలల తరబడి కదలక నిలిచి ఉంటే ట్యాంకులో, కార్బురేటరులో తుప్పు పట్టును. కనుక కొన్న వారంలోనే పెట్రోలు గొట్టాలు, పంపు డయాఫ్రం, కార్బురేటరు వాషర్లు కొత్తవి వేయించవలెను. పగిలిన గొట్టం కాలిన ఇంజనుమీద పెట్రోలు చిమ్మితే జరిగేది వేరుగా చెప్పనక్కరలేదు.

ఇప్పుడు కాగితాలు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరాలవరకు చెల్లుతుంది. ఆపైన బండిని పరీక్షకు చూపించి అయిదేసి సంవత్సరాలకు పొడిగించుకొనవచ్చును. 20 సంవత్సరాలు దాటిన కార్లకు ఈ పొడిగింపు రుసుమును కేంద్రప్రభుత్వం 2025లో 10,000 రూపాయలకు పెంచినది. హరిత పన్ను దీనికి వేరు. గడువు తీరిన బండిని చౌకగా ఇస్తామంటే, ఈ ఖర్చులన్నీ కలిపి చూచుకొనవలెను. పుస్తకంలోని చాసిస్ నంబరు, ఇంజను నంబరు బండిమీది అంకెలతో అక్షరాలా సరిపోవలెను. బ్యాంకు అప్పు గురుతు మిగిలి ఉంటే అది తీయించిన తరువాతనే సొమ్ము ఇవ్వవలెను. బకాయి చలానులు, బీమా సంగతి విచారించవలెను. యజమాని చనిపోయి ఉంటే, ముందుగా వారసుల పేరుకు 31వ నంబరు దరఖాస్తుతో మార్పించి, ఆ తరువాతనే కొనవలెను. బదిలీకి 29, 30 నంబరు దరఖాస్తులమీద అమ్మేవారి సంతకాలు ఎదుట ఉండగానే తీసుకొనుట క్షేమం.

పరరాష్ట్రపు బండ్లను గురించి ఒక హెచ్చరిక. ఢిల్లీ ప్రాంతంలో 10 సంవత్సరాలు దాటిన డీజిలు కార్లు, 15 సంవత్సరాలు దాటిన పెట్రోలు కార్లు నడుపరాదని 2018లో సుప్రీంకోర్టు ఆదేశించిన పిమ్మట, అక్కడి కార్లు చౌకధరలకు ఇతర రాష్ట్రాలకు తరలినవి. అట్టి బండికి నిరభ్యంతర పత్రం, అనగా 28వ నంబరు ఫారం ఉండవలెను. ఇక్కడ జీవితపన్ను కట్టి, కొత్త నంబరు తీసుకొనవలెను. ఇవి లెక్కకు తెచ్చుకొంటే చౌక అన్నది తరచు కరగిపోతుంది. 50 సంవత్సరాలు దాటిన బండ్లకు 2021లో కేంద్రప్రభుత్వం ప్రత్యేకమైన నియమాలు చేసినది. కొత్త రిజిస్ట్రేషను రుసుము 20,000 రూపాయలు. అయితే అట్టి బండ్లు ప్రదర్శనలకు, యాత్రలకే గాని దినచర్యకు కావు.

సొమ్ము విషయంలో నేను పాటించే సూత్రం ఇది. చేతిలో రెండు లక్షలుంటే లక్షా ఇరవై వేలకు మించిన బండి చూడరాదు. మిగిలిన ఎనబై వేలు టైర్లకు, బ్రేకులకు, గొట్టాలకు, కాగితాలకు విడిగా ఉంచవలెను. మొదటి ఏడాదిలో ఆ సొమ్ము కరిగి తీరుతుంది, కరగకపోతే అదృష్టం. పిల్లల చదువుకు, ఇంటి అద్దెకు పెట్టుకొన్న సొమ్మును దీనికి తాకరాదు. ఈ చివరి మాట ఎవరి అనుభవంనుండి వచ్చినదో పైన చెప్పియే ఉన్నాను.

బ్రేకుల మాట మరొకసారి చెప్పి ముగిస్తాను. పద్మినికి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. తడిసినప్పుడు అవి చప్పున పట్టవు. ముందుపోయే కొత్త కారు ఆగినంత త్వరగా మన బండి ఆగదు. కనుక రంగుకంటె ముందు బ్రేకులు, కుషనులకంటె ముందు టైర్లు బాగుచేయించవలెను. వీలున్నచోట సీటు బెల్టులు అమర్చుకొనవలెను. పాత బండిని పాత బండిగానే, నెమ్మదిగా, దూరం ఉంచుకొని నడుపవలెను.

నా పద్మిని ఇప్పటికీ నా దగ్గరే ఉన్నది. దాని అడుగున నేడు నిజమైన రేకే ఉన్నది. ఆదివారం ఉదయం రాంగోపాల్‌పేట్ ఠాణా ముందునుండి దానిని నడుపుకొని పోతుంటే ముసలివారు ఆగి చూస్తారు. ఒకరిద్దరు తమ కాలపు బండి నంబరు కూడ చెప్పుతారు. పక్క సీటులో కూర్చున్న మా అమ్మాయి కళాశాల చదువు ముగించినది. మొన్న తానొక పాత మారుతి కొనదలచానని చెప్పినది. నేను మారు పలుకక అరనుండి అయస్కాంతం తీసి ఆమె చేతిలో పెట్టాను.